నాయనమ్మ మంచం, రెంటచింతల ఎండ

ఎండాకాలం పేపర్లో ఓ మూల చిన్న బాక్సు వస్తుంది చూడండి, రాష్ట్రంలో నిన్న ఎక్కడ ఎండ ఎక్కువ కాసిందో చెప్పేది. అందులో తరచూ కనబడే పేరు రెంటచింతల. పల్నాడు జిల్లా. మా ఊరు దాని పక్కనే, బండి మీద పది నిమిషాలు. హైదరాబాద్‌లో ఎవరైనా "మీదే ఊరు?" అంటే మా ఊరి పేరు చెప్పను, రెంటచింతల దగ్గర అంటాను. "అమ్మో, అక్కడ ఎట్లా ఉంటారు బ్రో?" అంటారు. అలవాటైన ప్రశ్నే.

మే నెలలో మా ఊరికి ఎవరూ రారు. పెళ్లికి పిలిచినా సాయంత్రం ఆరు దాటాక వచ్చి, భోంచేసి రాత్రికే వెళ్లిపోతారు. నేనూ ఇంజినీరింగ్‌లో చేరినప్పటి నుంచి మే నెల మొహం అక్కడ చూడలేదు. పోయినేడాది మాత్రం నాలుగు రోజులు లీవు పెట్టి, ఎండ ఏ తారీఖుల్లో ముదురుతుందో యాప్‌లో చూసుకుని మరీ వెళ్లాను. బ్యాగులో ఇరవై నల్ల ప్లాస్టిక్ కవర్లు, వంటలకి వాడే సూది థర్మామీటరు ఒకటి, రెండు టార్చిలైట్లు, ఓ తెల్ల దుప్పటి.

కారణం నల్లులు. సాఫ్ట్‌వేర్ వాడికి బగ్స్ కొత్తేంటి అనే జోకు మీరు వెయ్యక్కర్లేదు, ఆఫీసులో అందరూ వేసేశారు.

కథ నిజానికి కూకట్‌పల్లిలో మొదలైంది. నిజాంపేట రోడ్డులో మేమిద్దరం కలిసి ఉండే ఫ్లాట్. పక్క బ్లాకులో ఎవరో ఖాళీ చేసి వెళ్తూ చెక్క మంచం, పరుపు కలిపి నాలుగున్నర వేలకి ఇచ్చేస్తాం అని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కొత్తది కొంటే ఇరవై వేలు. ఎగిరి గంతేసి తెచ్చుకున్నా. నెల తిరక్కుండా పొద్దున లేచేసరికి చేతి మీద వరసగా మూడు, నాలుగు ఎర్ర దద్దుర్లు. దోమలనుకున్నా. ఆలౌట్ పెట్టా, మెష్ కొట్టించా. దద్దుర్లు ఆగలేదు. రూమ్మేటుకి మాత్రం ఒంటి మీద చిన్న మచ్చ కూడా లేదు. "నీకేదో ఎలర్జీ రా" అన్నాడు. వాణ్ని కూడా అవి కుడుతూనే ఉన్నాయని తర్వాత తెలిసింది. నల్లి కుట్టినా కొందరి ఒంటికి ఏమీ తెలియదు. అందుకే ఒకే గదిలో ఇద్దరుంటే ఒకడు పిచ్చోడిలా గోక్కుంటాడు, రెండోవాడు వాణ్ని పిచ్చోడనుకుంటాడు.

ఓ రాత్రి మూడింటికి లేచి ఫోన్ లైటు వేసి పరుపు అంచు కుట్టు దగ్గర చూశా. కందిబద్దంత, ఎర్రగా, చదునుగా. ఒకటి కాదు. కుట్టు పొడుగునా బాల్‌పెన్ను పెట్టి చుక్కలు పెట్టినట్టు నల్లటి మరకలు. అది వాటి రెట్ట, అంటే మన రక్తమే జీర్ణమయ్యాక. మంచం పట్టెకీ కోడుకీ మధ్య సందులో గుడ్లు, తెల్లగా, గసగసాలంత. ఆ రాత్రి ఇక పడుకోలేదు. కుర్చీలో కూర్చుని ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పొద్దునదాకా వాటి గురించే చదివా.

చదివినదాంట్లో గుర్తుండిపోయింది ఇది. నల్లి ఎగరదు. దూకదు. నడుస్తుంది, అంతే. గది దాటడానికే నానా తంటాలు పడుతుంది. ఊళ్లు దాటాలంటే మనిషి మొయ్యాల్సిందే.

పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలిచా. డిసెంబర్ చివర్లో వచ్చి స్ప్రే చేశారు. వచ్చిన కుర్రాడు వెళ్తూ రెండు మాటలు చెప్పాడు. "సార్, ఈ మందు గుడ్ల మీద సరిగ్గా పనిచెయ్యదు. అవి వారం పది రోజుల్లో పొదుగుతాయి. పదిహేను రోజులకి రెండోసారి కొట్టాలి, అప్పటిదాకా బ్యాగులు ఇంట్లోంచి బయటకి తీసుకెళ్లకండి." బుద్ధిగా తలూపా. పదిహేను రోజులంటే సరిగ్గా సంక్రాంతి. బస్సు టికెట్ అప్పటికే బుక్ చేసి ఉంది. కుట్టడం కూడా ఆగిపోయింది. రెండో స్ప్రే పండగ తర్వాత చూద్దాంలే అనుకున్నా. మంచం కింద ఉన్న బ్యాగు దులిపి, బట్టలు సర్దుకుని ఊరెళ్లిపోయా.

మా ఇంట్లో నేను రాగానే చేసే పని ఒకటుంది. బ్యాగు తెచ్చి నాయనమ్మ మంచం మీద పడేస్తా. స్కూలు రోజుల్నించీ అదే అలవాటు. ఆవిడే జిప్పు తీసి, నాకేం తెచ్చావురా అంటూ వెతుకుతుంది. ఆ పండక్కీ అంతే. చీర తీసుకుని, మడత విప్పి చూసుకుని, మిగతా బట్టలన్నీ తన దిండు పక్కనే పేర్చి పెట్టింది.

ఏప్రిల్‌లో అమ్మ ఫోన్‌లో ఏదో మాట్లాడుతూ మధ్యలో, "నాయనమ్మకి ఒళ్లంతా దురదలురా, రాత్రిళ్లు నిద్రపోవట్లా. ఆరెంపీ ఆయింట్‌మెంట్ ఇచ్చాడు. వయసు కదా, చర్మం ఎండిపోయిందంట" అంది.

నాకు ఆ క్షణమే తెలిసిపోయింది. చెప్పలేదు. "వేరే డాక్టర్‌కి చూపించండి" అన్నా. ఇంకో పదిరోజులు గడిచాక మళ్లీ ఫోన్ చేసి, ఏమీ తెలియనట్టు, "నాయనమ్మ దుప్పటి ఫొటో ఒకటి పెట్టమ్మా" అన్నా. ఎందుకురా అంది. ఊరికే అన్నా. ఫొటో వచ్చింది. జూమ్ చేశా. బాల్‌పెన్ను చుక్కలు.

అప్పటికి కూకట్‌పల్లిలో మా సంగతి తేలిపోయింది. సంక్రాంతి నుంచి వచ్చేసరికి మళ్లీ మొదలయ్యాయి. ఈసారి పదిహేను రోజుల తేడాతో రెండుసార్లూ కొట్టించాం. మంచాన్ని కిందకి దించి, వాచ్‌మన్ వాళ్లు తీసుకెళ్లబోతుంటే ఆపి, పరుపు మీదా చెక్క మీదా మార్కర్‌తో "నల్లులున్నాయి, వాడొద్దు" అని పెద్దక్షరాలతో రాసి చెత్త బండికి ఇచ్చా. నాకు అమ్మినాయన ఆ పని చేసుంటే అనుకున్నా. వెంటనే నాయనమ్మ గుర్తొచ్చింది. ఆయన్ని తిట్టుకోవడం ఆపేశా.

వెళ్లేముందు నా బట్టలన్నీ బాగా వేడిగా ఇస్త్రీ చేసి, ఒక్కో జతా జిప్ కవర్లో పెట్టా. బ్యాగు కొత్తది కొన్నా. ఎంజీబీఎస్‌లో పొద్దున్నే మాచర్ల బస్సు. ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి, పెద్దవూర. కిటికీలోంచి ఏడున్నరకే వేడిగాలి. సాగర్ దగ్గర బ్రిడ్జి దాటుతుంటే అందరూ ఫోన్లు తీస్తారు, డ్యామ్ కోసం. మే నెలలో తీయడానికేముంటుంది? గేట్లన్నీ మూసుకుని, అడుగున రాళ్లు తేలి ఉంటుంది కృష్ణ. అయినా తీస్తారు. బ్రిడ్జి దాటితే ఆంధ్ర. మాచర్ల వచ్చేసరికి రోడ్డు పక్కన నాపరాళ్ల దొంతరలు, రాళ్లు కోసే మిషన్ల చప్పుడు, తెల్లటి దుమ్ము. మా వైపు నేల కింద ఎక్కడ తవ్వినా ఈ రాయే. ఇళ్ల గోడలు నాపరాయి, అరుగులు నాపరాయి. పగలంతా కాగి, రాత్రి పదకొండయినా వేడి కక్కుతూనే ఉంటుంది. మిరప కోతలు అయిపోయి, పత్తి ఇంకా వెయ్యక, చేలన్నీ బోడిగా ఉంటాయి.

ఇంటికి వెళ్లేసరికి నాయనమ్మ మంచం వసారాలో ఉంది.

ఆ మంచం ఎప్పుడూ నడింట్లో ఉండేది, ఫ్యాను కింద. అక్క వాళ్లది మాచర్లే. అక్క కూతురు చిన్ని ప్రతి శనివారం వచ్చి ఆ మంచం మీదే పడుకునేది, తాతమ్మ పక్కన. "మంచం బయటేసారేంటి?" అన్నా. నాన్న మాట్లాడలేదు. అమ్మ వంటింట్లోకి పిలిచి మెల్లిగా, "గజ్జేమోనని భయమేసిందిరా. పిల్లకి అంటుకుంటుందని... రెండు నెలల్నుంచీ చిన్నిని పడుకోనివ్వట్లా. ఆవిడ గ్లాసూ ప్లేటూ వేరే పెట్టా" అంది. చెప్తూ నా మొహం చూడలేదు.

రెండు నెలలు. నేను పదిరోజులు నోరు మూసుకున్నదీ అందులోనే ఉంది.

వసారాలోకి వెళ్లి నాయనమ్మ పక్కన కూర్చున్నా. మోచేతుల దగ్గర గోకి గోకి నల్లగా మచ్చలు పడ్డాయి. "నాయనమ్మా, అది గజ్జి కాదు. నల్లులు. నా బ్యాగులో వచ్చాయి. సంక్రాంతికి" అన్నా. ఇంకా ఏదో చెప్పబోతుంటే ఆవిడ ఆపేసి, "నల్లులా?" అంది. అని పక్కన అమ్మ నిలబడి ఉండగానే గట్టిగా, "వినపడిందా? నల్లులంట!" అంది. 78 దాటిన మనిషి మొహంలో అంత సంతోషం, నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా చూడలేదు.

"మరి నీకు తెలవలేదా? చిన్నప్పుడు చూసుంటావుగా?" అంటే, "ముప్పై నలభై ఏళ్లయిందిరా వాటి మొహం చూసి. చూపు ఆనదాయె. ముసలొళ్లు, నా ఒళ్లే పాడయిందనుకున్నా" అంది.

ఆ సాయంత్రమంతా ఆవిడ చెబుతూనే ఉంది. వాళ్ల చిన్నప్పుడు నల్లుల్లేని ఇల్లు లేదంట. కొత్త అల్లుడొస్తే ముందు మంచానికి వేడినీళ్లు. సినిమా టాకీసు నుంచొస్తే వాకిట్లోనే చీర దులుపుకుని లోపలికి రావాలంట. ఎండాకాలం రాగానే మంచాలన్నీ మోసుకెళ్లి చెరువులో ముంచి, రాళ్లు పెట్టి రెండు రోజులు వదిలేసేవాళ్లంట. మలేరియా వాళ్లు ఇల్లిల్లూ తిరిగి గోడలకి డీడీటీ కొట్టిన రోజులు ఆవిడకి బాగా గుర్తు. మన దేశంలో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం 1953లో మొదలైంది, ఆవిడ చిన్నపిల్లప్పుడు. "మొదట్లో దోమలతో పాటు ఇవీ చచ్చేయి. తర్వాత మందు తాగి బలిసినయ్" అంటుంది. ఆవిడ మాట తమాషాగా ఉన్నా విషయం నిజమే. డీడీటీకి తట్టుకునే నల్లులు చాలా త్వరగానే పుట్టుకొచ్చాయి, ఇప్పుడు మనం కొట్టే మందుల్లో చాలావాటికీ అంతే. దేవుళ్లు కూడా నల్లుల బాధ పడలేకే మంచాలు మానేశారని చెప్పే చాటు పద్యం ఒకటి మా తెలుగు సారు చెప్పేవారు. నాయనమ్మకి అది మొత్తం వచ్చు. నాకు మొదటి ముక్క కూడా గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టబోతే నాన్న ఓ డబ్బా పట్టుకొచ్చాడు. పత్తికి కొట్టగా మిగిలిన మందు. "ఇంత కలిపి మంచానికి కొట్టేద్దాం, సాయంత్రానికి ఒక్కటుండదు." ఈ ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా అరిచా. చేలో గాలికి పోయే మందు వేరు, మనిషి రాత్రంతా ముక్కు ఆనించి పడుకునే మంచం మందు వేరు. ధాన్యంలో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలు నల్లుల కోసమని ఇంట్లో పెట్టుకుని మనుషులు చనిపోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు. నాన్న కాసేపు గొణిగి డబ్బా కొట్టంలో పెట్టేశాడు. కిరసనాయిల్ సంగతి నాయనమ్మ ఎత్తింది, అదీ వద్దన్నా. "మరేం చేస్తావ్?" అంది.

ఎండ. నా ప్లాన్ అదే. 50 డిగ్రీలు దాటితే పెద్ద నల్లులు నిమిషాల్లో చస్తాయి. గుడ్లు మొండివి. 48 దగ్గర వాటికి గంటకి పైగా పడుతుంది, 55 దాటితే అవీ త్వరగానే పోతాయి. రాష్ట్రంలోనే పేరున్న ఎండ మన నెత్తిన పెట్టుకుని మందులెందుకు?

బట్టలు, దుప్పట్లు, దిండు గలీబులు అన్నీ నల్ల కవర్లలో కుక్కి, మూతి కట్టి, పదకొండింటికి డాబా మీద పెట్టా. కాళ్లకి చెప్పులున్నా అరికాళ్లు కాలుతున్నాయి. ఒంటిగంటకి ఓ కవర్లో సూది గుచ్చి చూస్తే పై మడతలో 61. భలే అనుకున్నా. సూది ఇంకా లోపలికి తోసా. 43. మళ్లీ తోసా. 40. కుక్కిన కవర్ మధ్యలో నల్లులకి చల్లటి గది కట్టిచ్చానన్నమాట.

కిందకొచ్చి చెబితే నాయనమ్మ నవ్వింది. "వడియాలు ఎండబెడతా ముద్ద పెడతారా ఎవరన్నా? పల్చగా పరవాలి."

కవర్లన్నీ విప్పి, ఒక్కో దాంట్లో రెండు మూడు బట్టలే పెట్టి, అప్పడంలా పరిచి, మధ్యాహ్నం తిరగేసి పెట్టా. ఈసారి మధ్యలో కూడా 56. మూడు రోజులు, పదకొండు నుంచి నాలుగు దాకా. బొంతతో మాత్రం గెలవలేకపోయా. పైన కాలిపోతున్నా లోపల దూది వేడెక్కదు. ఎండ తగిలితే నల్లి నీడ వైపు నడుచుకుంటూ పోతుంది, బొంతలో నీడకి కొదవేముంది? మంచం ఎండలో వేస్తే చాలు నల్లులు పోతాయని చెప్పేవాళ్ల మాట సగమే నిజం. బొంత తగలబెట్టేశాం. నాయనమ్మ పాత చీరలతో కుట్టుకున్నది. కొత్తది కొనిస్తానంటే ఏమీ అనలేదు, మంట ఆరేదాకా మాత్రం అక్కడే నిలబడింది.

మంచం సంగతి ఆవిడే చూసుకుంది. నులక మొత్తం విప్పించి అదీ మంటలో వేయించింది. పెరట్లో పత్తి కట్టె పొయ్యి మీద కాగు నిండా నీళ్లు. మరుగుతున్న నీళ్లు చెంబుతో ఎక్కడ పొయ్యాలో కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేనూ అమ్మా పోశాం. "కోడు బెజ్జంలో పొయ్యి. ఆ కాదు, లోపలికి. పట్టె వంచు." పట్టె ఊడదీసిన బెజ్జంలోంచి నీళ్లతో పాటు అవి రాలాయి. లెక్కపెట్టలేదు. అమ్మ అవి చూసి, చెంబు కింద పెట్టి, వెళ్లి నాయనమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. ఏమీ మాట్లాడుకోలేదు ఇద్దరూ. కాసేపయ్యాక నాయనమ్మే, "లే, నీళ్లు చల్లారతయ్" అంది.

నడింట్లో మంచం ఆనుకునే గోడ నాపరాయి గోడ. రాళ్ల మధ్య సందుల్లో టార్చి వేసి చూస్తే నాలుగైదు చోట్ల మరకలు. మేస్త్రీని పిలిచి సిమెంటు పూయించాం. మా ఊళ్లో ఇంతకంటే పెద్ద వార్త ఆ వారం లేదు. నేనైతే ఎవరికీ చెప్పొద్దనుకున్నా. నాయనమ్మ వచ్చిన వాళ్లందరికీ చెప్పింది, "గజ్జి కాదమ్మా, మా వాడు హైదరాబాద్ నుంచి నల్లులు తెచ్చాడు" అని. అందులో ఇద్దరు గుటకలు మింగి, తమ ఇంట్లోనూ కొన్నాళ్లుగా దురదలున్నాయని చెప్పారు. టార్చి ఇచ్చి పంపా. ఒకళ్లింట్లో దొరికాయి. అవీ మా ఇంటివో, వాళ్ల హాస్టల్ పిల్లాడు తెచ్చినవో చెప్పలేను.

కొత్త నవారు అల్లించి, మంచం గోడకి జానెడు దూరంగా వేసి, నాలుగు కోళ్ల కిందా స్టీలు గిన్నెల్లో నీళ్లు పెట్టా. దుప్పటి అంచులు నేలకి తగలకుండా చూడమని అమ్మకి చెప్పా. పైన నేను తెచ్చిన తెల్ల దుప్పటి. రోజూ పొద్దున ఏడింటికి, స్టాండప్ మీటింగుకి ముందు, వీడియో కాల్‌లో అమ్మ ఆ దుప్పటి మొత్తం చూపించేది. ఒక్క చుక్క లేదు. పదిహేను రోజులకి మళ్లీ వెళ్లా. ఈసారి ఎవరూ చెప్పక్కర్లేకుండానే నాన్న కాగు పొయ్యి మీద పెట్టి ఉంచాడు.

రెండోసారి ఒకటే దొరికింది. ఓ గిన్నె నీళ్లలో, మునిగిపోయి, చిన్న పిల్ల నల్లి. నాయనమ్మ అరచేతిలో పెట్టించుకుని, కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "ఇది ఇక్కడ పుట్టిందేరా. నీతో హైదరాబాద్ రాదులే" అని వేలితో నలిపేసింది.

ఆ శనివారం చిన్ని వచ్చింది. మంచం నడింట్లో ఉండటం చూసి, చెప్పులు కూడా విప్పకుండా ఎక్కేసి, గిన్నెల్లో నీళ్లెందుకు పెట్టారని అడిగింది. నాయనమ్మ దాన్ని పక్కన పడుకోబెట్టుకుని, చెరువులో మంచాలు ముంచిన దగ్గర్నుంచి మొదలుపెట్టింది.